సుల్హ్ పేరుతో హక్‌ని దఫన్ చెయ్యకండి

2019లో రంజాన్ అయిపోయిన రెండు వారాలకు, ఇషా నమాజ్ తర్వాత, మా మస్జిద్ వరండాలో కూర్చుని నేనొక కాగితం రాశాను. నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పట్నుంచీ పేరు. ఇంటి కిరాయి కాగితం కావచ్చు, జమాత్ చందా రసీదు కావచ్చు, మా మొహల్లాలో ఏది రాయాల్సొచ్చినా నన్నే పిలుస్తారు. ఆ రాత్రి రాసింది సుల్హ్‌నామా.

చనిపోయినవాడికి 32 ఏళ్లు. టూ వీలర్ మెకానిక్. దుకాణం మూసి ఇంటికొస్తుంటే బైపాస్ మీద లారీ గుద్దింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. లారీ ఓనరు తరఫున ఇద్దరొచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, అబద్ధమెందుకు చెప్పాలి. వాళ్లు వచ్చేసరికే ఒక పని పూర్తయిపోయింది. బండి దానంతటదే స్కిడ్ అయి పడిపోయాడని పోలీసులకు చెప్పించారు. చెప్పింది మనవాళ్లే. కవర్లో లక్షా యాభై వేలు పెట్టి సదర్ సాబ్ చేతికిచ్చారు. నేను రాశాను: మాకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు, ఇకముందు ఏ కోర్టుకూ వెళ్లం, ఇష్టపూర్వకంగా రాజీ పడుతున్నాం.

ఎవరి ఇష్టం? ఆ అమ్మాయి ఇద్దత్‌లో ఉంది. ఆమె దేవర్ ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి పరదా వెనకనుంచి సంతకం చేయించుకొచ్చాడు. ఆమె ఒకే ఒక మాట అడిగిందట, "ఇందులో ఏం రాసుంది?" అని. "పెద్దోళ్లంతా చూసుకున్నారు వదినా" అన్నాడట. మౌల్వీ సాబ్ దువా చేశారు. నేనూ ఆమీన్ అన్నాను. చాయ్ తాగి ఇంటికెళ్లి పడుకున్నాను. మంచి పని చేశామనే అనుకున్నాను, కసమ్‌సే.

రెండేళ్లు గడిచాక మా మామూ కొడుకు కాలు విరిగిన కేసు పని మీద జిల్లా కోర్టుకు వెళ్లాల్సొచ్చింది. వకీల్ సాబ్ దగ్గర పనిచేసే గుమాస్తా ఖాళీగా ఉంటే మాటల్లో ఈ మెకానిక్ సంగతి చెప్పాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, "వయసెంత భాయ్? ఎంత సంపాదించేవాడు? ఇంట్లో ఎంతమంది?" అని అడిగి, పేపర్ అంచు మీద లెక్క వేశాడు. నెలకు 15 వేలు. వయసు 40 లోపు, సొంత పని, కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలి. 21 వేలయింది. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసెయ్యాలి. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. వయసు 32 కాబట్టి దాన్ని 16తో గుణించాలి. 30,24,000.

ముప్ఫై లక్షల ఇరవై నాలుగు వేలు. దీని పైన కఫన్ దఫన్ ఖర్చు, భర్త తోడు పోయినందుకు భార్యకిచ్చేది, వేరే. ఇదేమీ ఆ గుమాస్తా సొంత లెక్క కాదు. సుప్రీంకోర్టు 2009లో సర్లా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో పెట్టిన పద్ధతి. దేశంలో ప్రతి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లోనూ ఇదే లెక్క.

"మెకానిక్‌కి జీతం రసీదు ఉండదు కదా, అంత ఇస్తారా?" అన్నాను. నా గుండె దడ తగ్గించుకోవడానికి అన్నానని ఇప్పుడు తెలుస్తోంది. "సరే, జడ్జిగారు పది వేలే ఒప్పుకున్నారనుకో భాయ్" అని మళ్లీ వేశాడు. 20,16,000.

పైగా ఆ డబ్బు ఇవ్వాల్సింది లారీ ఓనరు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టం. ఆ లారీకి ఇన్సూరెన్స్ ఉందని ఆ రాత్రి వచ్చినాయనే అన్నాడు, మేమెవరం చెవిన పెట్టలేదు. "పాపం ఆయనా అప్పుల్లో ఉన్నాడు" అని ఓనరు మీద రహమ్ చూపించాం. లక్షన్నరతో అతను కొనుక్కున్నది వేరే. బండి స్టేషన్‌లో నిలిచిపోకుండా, డ్రైవర్ మీద కేసు పడకుండా, ఎవరూ లైసెన్స్ అడక్కుండా కొనుక్కున్నాడు. మేం అమ్మాం. అమ్మిన వస్తువు మాది కూడా కాదు, ఇద్దరు యతీమ్ పిల్లలది.

ఇది రాస్తే మా ఊళ్లో కొందరికి కోపం వస్తుంది. రానీండి. ఆ కాగితం మీద నా చేతిరాత ఉంది, ముందు నా మీదే రాసుకుంటున్నాను.

సుల్హ్‌కి నేను దుష్మన్‌ని కాదు. సుల్హ్ మంచిదని సూరా నిసాలో ఉన్న ఆయత్ (128) ప్రతి పంచాయితీలో ఎవరో ఒకరు చదువుతారు, చదవాలి కూడా. కానీ అదే సూరాలో ఇంకో ఆయత్ (92) ఉంది. పొరపాటున ఒక మోమిన్ ప్రాణం పోతే దియత్‌ని అతని ఇంటివాళ్లకు అప్పగించాలి, వాళ్లంతట వాళ్లు మాఫ్ చేస్తే తప్ప. నేను ఆలిమ్‌ని కాను, కానీ ఆ మాట అర్థం కావడానికి ఆలిమ్ కానక్కర్లేదు. మాఫ్ చేసే హక్ వారసులది. సదర్ సాబ్‌ది కాదు, దేవర్‌ది కాదు, నాది అసలే కాదు. ఎంత వదులుకుంటోందో తెలియని మనిషి చేసే మాఫీని మాఫీ అంటారా? ముప్ఫై లక్షలు అని చెప్పి, "ఇందులో నువ్వెంత వదులుకుంటావు బేటీ?" అని అడిగి, ఆమె "అంతా వదిలేస్తాను, అల్లా చూసుకుంటాడు" అంటే అది మాఫీ. అప్పుడు ఆమె కాళ్లకు దండం పెట్టొచ్చు. చెప్పకుండా సంతకం తీసుకుంటే దానికి ఉర్దూలో వేరే మాట ఉంది. ధోకా.

స్కిడ్ అయ్యాడని చెప్పించిన ఆ అబద్ధం సంగతి కూడా మాట్లాడాలి. గవాహీని దాచిపెట్టేవాడి దిల్ గునాహ్‌గార్ అని మన కితాబే చెప్తోంది. ఆ రోజు మస్జిద్ వరండాలో కూర్చున్న పదకొండు మందిలో ఒక్కరికీ, నాతో సహా, అది గుర్తు రాలేదు. "పోయినోడు తిరిగి రాడు కదా" అన్న మాట మాత్రం అందరికీ వచ్చింది.

పెద్దలు అనే మాటలు నాకు కంఠతా వచ్చు. తఖ్దీర్ అంటారు. మౌత్ తఖ్దీరే, ఒప్పుకుంటా. పిల్లల ఫీజు కట్టలేకపోవడం మాత్రం మనం రాసిన కాగితం. ఇన్సూరెన్స్ డబ్బు హరామ్ అని ఇంకొకరంటారు. పాలసీ కట్టింది లారీ ఓనరు, చట్టం కట్టించింది. చనిపోయినవాడి పిల్లలకు అందేది నష్టపరిహారం. ఇలా అనేవాళ్లు వాళ్ల సొంత కారుకు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ ఫారం నింపడం నేను చూశాను, కొన్ని ఫారాలు నేనే నింపాను.

"కోర్టంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది" అన్న మాటలో మాత్రం నిజం ఉంది. దాన్ని నేను హేళన చెయ్యను. పేదింటి తురకమ్మాయి పిల్లల్ని చంకనేసుకుని కోర్టు మెట్లెక్కడం ఎంత కష్టమో నాకు తెలుసు. పోలీస్ స్టేషన్లో గడ్డం చూసి మాట మారడం కూడా తెలుసు. మనవాళ్లు మొహల్లా పంచాయితీకి రావడం జహాలత్ వల్ల కాదు, బయట ఎదురయ్యే మొహాల వల్ల. మన గుట్టు మనమే బయటపెడితే మన దుష్మన్లకు ఆయుధం దొరుకుతుందని కూడా అంటారు. ఆ భయం నాకూ ఉంది. కానీ చూడండి, బయట ఇన్సాఫ్ దొరకదన్న భయంతో మన దగ్గరికొచ్చినవాళ్లకు మనమూ ఇవ్వకపోతే వాళ్లెక్కడికి పోవాలి? ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే కదా మనం సంతకాలు చేయించుకుంటున్నది!

కోర్టుకు వెళ్లడమంటే చివరిదాకా కొట్లాడటమే కాదు. ట్రిబ్యునల్లో కేసు వేసి, లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీతో రాజీ చేసుకోవచ్చు. వేలమంది చేసుకుంటున్నారు. అదీ సుల్హే. 20 లక్షల దగ్గర మొదలుపెట్టి, రేపటి డబ్బు కన్నా ఇవాళ్టి డబ్బు నయమని 16కో 17కో ఒప్పుకుంటే దానికో అర్థం ఉంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, ఎగ్గొట్టడానికి వీల్లేదు. కాకపోతే దాని మీద అప్పీలు లేదు, కాబట్టి అక్కడికైనా లెక్క తెలిసే వెళ్లాలి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీల్‌ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. మా మస్జిద్ నోటీసు బోర్డు మీద సెహ్రీ ఇఫ్తార్ టైమ్‌టేబుల్ అతికిస్తాం, చందా బకాయిదార్ల పేర్లు అతికిస్తాం. ఈ అయిదంకెలు ఎప్పుడూ అతికించలేదు.

ఇంకొక సంగతి, ఇది మన ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా. మోటారు ప్రమాదాల్లో క్లెయిమ్ ఆరు నెలల్లోపు వెయ్యాలన్న నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దాని మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తోంది గానీ, మీరు దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. భర్త పోయిన ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. అంటే ఆమె గడప దాటేసరికి మిగిలేది యాభై రోజులు. ఆ లోపు ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, బండి కాగితాలు ఎవరు తేవాలి? ఇద్దత్‌లో ఉన్నామె దగ్గరికి వకీల్ ఇంటికే వచ్చి వకాలత్‌నామా మీద సంతకం తీసుకోవచ్చు. లక్షన్నర కాగితం పరదా వెనక్కి వెళ్లగలిగినప్పుడు వకాలత్‌నామా ఎందుకు వెళ్లలేదు?

పనిచోట దెబ్బల సంగతి ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ చాలాసార్లు యజమానీ మనవాడే, పనివాడూ మనవాడే, తీర్పు చెప్పేవాడూ మనవాడే. 2021లో ఒక కోత మిషన్ దగ్గర పాతికేళ్ల కుర్రాడికి రెండు వేళ్లు తెగిపోయాయి. మిషన్ ఓనరు జమాత్ కమిటీలో పెద్దమనిషి. పంచాయితీ ఆయన ఇంటి హాల్లోనే జరిగింది, ఆయన చాయ్ తాగుతూ. ఆస్పత్రి బిల్లు ఆయనే కట్టాడు, అది నిజం. చేతికి ఇరవై వేలిచ్చాడు. "ఇంత చేసినోడు ఎవడున్నాడు?" అని అందరూ మెచ్చుకున్నారు. కుర్రాడి అబ్బా చేతులు జోడించి షుక్రియా చెప్పాడు. ఈసారి కాగితం నేను రాయలేదు, అసలు కాగితమే లేదు.

పనిచేస్తుండగా దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలన్న చట్టం ఈ దేశంలో 1923 నుంచి ఉంది. కొత్త లేబర్ కోడ్‌లోనూ దానికో అధ్యాయం ఉంది. ఏ వేలు పోతే ఎంత శాతమో అందులో పట్టిక వేసి మరీ రాశారు. బొటనవేలికి 30 శాతం, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, నాలుగు పోతే 50. ఆ కుర్రాడి జీతం 12 వేలు. అందులో 60 శాతం 7,200. పాతికేళ్ల వయసుకు చట్టం పెట్టిన గుణకం 216.91. దానితో గుణించి 20 శాతం తీస్తే 3,12,350 రూపాయలు. ఆస్పత్రి ఖర్చు ఇందులోంచి తగ్గించడానికి లేదు, అది విడిగా ఓనరు భరించాల్సిందే. అంటే ఆయన "చేసిన" దానిలో సగం ఆయన ఎలాగూ చెయ్యాల్సిందే, మిగతా సగం చెయ్యనేలేదు.

ఈ చట్టం రాసినవాళ్లకు మన పంచాయితీల సంగతి తెలుసనిపిస్తుంది నాకు. హక్ వదులుకుంటున్నానని పనివాడితో రాయించుకున్న ఒప్పందం చెల్లదని అందులో ఉంది. రాజీ చేసుకోవచ్చు, కానీ ఆ కాగితం కమిషనర్ దగ్గర రిజిస్టర్ చెయ్యాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన ఒప్పుకోకపోవచ్చు. పనిలో ప్రాణమే పోతే ఓనరు పరిహారాన్ని ఇంటివాళ్ల చేతిలో నేరుగా పెట్టకూడదు, కమిషనర్ దగ్గర జమ చెయ్యాలి. ఎందుకు? కవరు చేతిలో పెట్టినప్పుడు ఇచ్చేవాడి చెయ్యి పైన ఉంటుంది, తీసుకునేవాడి చెయ్యి కింద ఉంటుంది. అలాంటప్పుడు లెక్క అడగడానికి నోరు రాదు. మనం ఆ కవరును మస్జిద్‌లోకి తెచ్చి, పైన ఒక దువా కూడా కలుపుతున్నాం.

షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసే మన ఆడపిల్లల మీద చెయ్యి వేసిన కేసుల్లో కూడా "ఎంతో కొంత ఇప్పించి ముగించేద్దాం" అనే పెద్దమనుషులున్నారు. 2013 చట్టం ప్రకారం ఆ అమ్మాయి తనంతట తాను అడిగితేనే రాజీ ప్రయత్నం చెయ్యాలి, అది కూడా డబ్బు ఆధారంగా చెయ్యడానికి వీల్లేదు. అంతే, దీని మీద ఇంకేం వాదన లేదు.

ఇక ఇళ్లల్లో గొడవలు. సూరా నిసా 35వ ఆయత్ భార్యాభర్తల మధ్య చీలిక భయం ఉంటే ఏం చెయ్యాలో చెప్పింది. అతని ఖాందాన్ నుంచి ఒక హకమ్, ఆమె ఖాందాన్ నుంచి ఒక హకమ్. ఇద్దరే. ఇద్దరూ సమానం. తలాఖ్‌కు ముందు ఇలాంటి సుల్హ్ ప్రయత్నం జరిగి తీరాలని సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో చెప్పింది కూడా. మన పంచాయితీ ఎలా ఉంటుంది? పదకొండు మంది మగాళ్లు. అందులో తొమ్మిది మంది అబ్బాయి అబ్బాకు దోస్తులు. అమ్మాయి లోపలి గదిలో. ఆమె మాట ఆమె అబ్బా చెప్తాడు, ఆయన కూడా సిగ్గుతో సగమే చెప్తాడు.

మా ఖాలా కూతురికి మూడు పంచాయితీలు జరిగాయి. మూడుసార్లూ ఫైసలా ఒకటే, "సబర్ కరో బేటా, ఘర్ బసాకో లేవ్." రెండోసారి కాగితం కూడా రాశారు, ఇకమీదట ఇద్దరూ సఖ్యతగా ఉంటారని. ఇద్దరూ! కొట్టినవాడు ఒకడు, సఖ్యత బాధ్యత ఇద్దరిదీ. నాలుగోసారి మణికట్టు విరిగి వచ్చింది. అప్పుడు ఖాలా పంచాయితీకి కాదు, ఆటో మాట్లాడుకుని నేరుగా ఆస్పత్రికి, అక్కణ్ణుంచి స్టేషన్‌కు తీసుకెళ్లింది. జమాత్ పరువు తీసిందని ఖాలాతో కొందరు ఇప్పటికీ సలామ్ మానేశారు. దెబ్బలు తగిలేచోట సుల్హ్ పంచాయితీ పెట్టకూడదు. ముందు ఆ మనిషిని ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చి, తరవాత మాట్లాడాలి.

విడిపోవడం దాకా వస్తే మన పెద్దల లెక్క ఇంకా చిత్రం. ఖులా అడిగింది కాబట్టి మెహర్ వదులుకోవాలంటారు, సరే, ఖులాలో అది ఉంది. జహేజ్‌లో అమ్మానాన్నలు పెట్టిన బంగారం వదులుకోవాలని ఏ ఫిఖ్‌లో ఉంది? తలాఖ్ అతనే ఇచ్చినప్పుడు మెహర్, ఇద్దత్ ఖర్చు, పిల్లల ఖర్చు మాటేంటి? "మన షరియత్‌లో భరణం లేదు" అని నోరు మూయిస్తారు. తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో, 2024 జులై 10న, తలాఖ్ అయిన ముస్లిం స్త్రీ కూడా అందరు ఆడవాళ్లలాగే భరణం అడగొచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. ఇది నచ్చనివాళ్లుంటారు, వాదించుకోండి. కానీ పంచాయితీలో కూర్చున్న అమ్మాయికి ఈ దారి ఉందని చెప్పకుండా దాచే హక్ మీకు లేదు. దారి తెలిశాక దీన్ ప్రకారం ఏది ఎంచుకోవాలో ఆమె, ఆమె జమీర్ చూసుకుంటారు.

ఇంతసేపూ తిట్టాను. బాగా చేసినవాళ్లనూ చూశాను. మా బస్తీలో రిటైరైన ఉర్దూ టీచరమ్మ ఒకరున్నారు, అందరం ఆపా అంటాం. కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న ఒకతని ఇంట్లో అత్తాకోడళ్ల గొడవ ఖులా దాకా వచ్చింది. ఆపా ముందు పంచాయితీ పెట్టనివ్వలేదు. రెండు సాయంత్రాలు ఆ అమ్మాయి దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. మొదటి మాట, "నీకేం కావాలి బేటా?" ఆ అమ్మాయి ఏడ్చింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదట. ఒక నోట్‌బుక్ ఇచ్చి రాయించారు. ఇంటి నుంచి ఏం తెచ్చావు, మెహర్ ఎంత, అందులో ఎంత ముట్టింది, ఏది లేకపోతే బతకలేవు, ఏది వదులుకోగలవు, ఈ సుల్హ్ కుదరకపోతే ఎక్కడుంటావు, ఏం తింటావు. ఆ చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి ఒక రాత్రంతా పట్టింది. తరవాత కువైట్‌లో ఉన్న మొగుడితో ఫోన్లో అవే ప్రశ్నలు. అతనికీ కష్టాలున్నాయి, చెల్లెలి నిఖా అప్పు ఉంది, ఎవరితోనూ చెప్పుకోలేదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అతను పంపే డబ్బంతా అమ్మీ అకౌంట్‌లో పడుతోంది, భార్య బిడ్డ మందులకు కూడా అత్త దగ్గర చెయ్యి చాపాలి. గొడవ అంతా వంటింట్లో కనిపించింది గానీ పుట్టింది బ్యాంకులో. ఆ తరవాతే ఆయత్‌లో ఉన్నట్టు అటు ఒక మామూ, ఇటు ఒక చచ్చా కూర్చున్నారు. నెలకు ఎనిమిది వేలు భార్య అకౌంట్‌కు, ఏ తారీఖులోపు అన్నది కూడా రాశారు. చివర్లో ఆపా ఒక వాక్యం పెట్టించారు: వరసగా రెండు నెలలు డబ్బు పడకపోతే ఈ సుల్హ్ రద్దు, ఆమె కోర్టుకు వెళ్లడానికి ఎవరూ అడ్డం రాకూడదు. మా సదర్ సాబ్‌కు ఆ వాక్యం నచ్చలేదు. "సుల్హ్‌లో కోర్టు మాట ఎందుకు ఆపా?" అన్నారు. "తలుపు మూసేస్తే అది సుల్హ్ కాదు సదర్ సాబ్, జైలు" అన్నారావిడ. ఆ ఇల్లు ఇప్పుడు నిలబడే ఉంది. డబ్బు ఒక్క నెల ఆలస్యమైంది, అతనే ఫోన్ చేసి చెప్పాడట.

గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడొక మాట గుర్తు చేసుకోండి. సౌదీలో జీతం ఎగ్గొట్టిన కఫీల్ మీద ఫిర్యాదు చేస్తే అక్కడా ముందు సుల్హ్ దశే. కానీ దానికి 21 రోజుల గడువు ఉంటుంది. కుదరకపోతే కేసు లేబర్ కోర్టుకు పోతుంది. గడువు ఉంది, తరవాత తలుపు ఉంది. మన మొహల్లా సుల్హ్‌కి గడువూ లేదు, తలుపూ లేదు.

ఆ మెకానిక్ భార్య ఇప్పుడు బ్లౌజులు కుడుతోంది. పెద్దబ్బాయిని తొమ్మిదో క్లాసులో మాన్పించి సెల్ ఫోన్ల దుకాణంలో పెట్టారు. నేను గుమాస్తా వేసిన లెక్క పట్టుకుని ఒకసారి ఆమె ఇంటికి వెళ్లాను, మాఫీ అడగడానికి. పోలీసు రికార్డులో స్కిడ్ అని ఉంది కాబట్టి ఇప్పుడు ఏమీ చెయ్యలేమని వకీల్ సాబ్ అప్పటికే చెప్పేశారు. ఆమె కాగితం వైపు చూసి, "భాయ్, అప్పుడు ఈ లెక్క ఎవరికీ తెలీదా, తెలిసీ చెప్పలేదా?" అని అడిగింది. నాకు తెలీదని చెప్పాను. అది నిజమే. కానీ తెలుసుకోవాలని నాకు ఎందుకు అనిపించలేదని ఆమె అడగలేదు.

వచ్చే జుమా తర్వాత మా జమాత్ కమిటీ మీటింగ్ ఉంది. యాక్సిడెంట్ గానీ పనిలో దెబ్బ గానీ జరిగితే, వకీల్‌తో లెక్క వేయించి ఆ అంకె బాధితులకు చెప్పేదాకా పంచాయితీ కూర్చోకూడదని అడగబోతున్నాను. పోలీసులకు అబద్ధం చెప్పించే పనిలో జమాత్ పేరు ఉండకూడదనీ, మియాబీబీల గొడవల్లో ఆపాలాంటివాళ్లు ఇద్దరు లేకుండా ఏ కాగితం మీదా జమాత్ ముద్ర వెయ్యకూడదనీ అడుగుతాను. ఓనరు కమిటీ మెంబరైతే ఆ రోజు ఆయన లేచి బయటికి వెళ్లాలి, ఇది కూడా. ఒప్పుకుంటారా లేదా తెలీదు. పోయిన నెల ఒక సుల్హ్‌నామా రాయమని పిలిస్తే, అంకె ముందు చెప్పండి అన్నాను. వేరేవాళ్లతో రాయించుకున్నారు.

మీటింగ్‌లో ఏమైనా, నేను రోజూ ఇషా తర్వాత మస్జిద్ పక్క చాయ్ హోటల్లో ఉంటాను. లెక్క కావాల్సినవాళ్లు రండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, పోయినవాళ్ల వయసు తెలిపే ఆధారం, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసిన చీటీ తెచ్చుకోండి. ఇద్దత్‌లో ఉన్నవాళ్లయితే కబురు పెట్టండి, ఆపా, నేనూ ఇంటికే వస్తాం.